పుట్టిన చోటు అనే గడి: 19వ శతాబ్దపు అమెరికా జనగణన, వలసల కథ

1924లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) వలసల మీద కోటా పెడుతూ ఒక చట్టం చేసింది. ఏ దేశం నుంచి ఏటా ఎంతమందిని రానివ్వాలి? ఆ దేశంలో పుట్టి అప్పటికే అమెరికాలో ఉంటున్నవాళ్లు ఎంతమందో చూసి, అందులో 2 శాతం. లెక్క తేలిగ్గానే ఉంది. కానీ ఏ ఏడాది లెక్క? 1920 జనగణన చేతిలో ఉంది. 1910ది ఉంది, 1900ది ఉంది. వాటన్నిటినీ కాదని ఆ చట్టం 34 ఏళ్లు వెనక్కి వెళ్లి 1890 జనగణనను పట్టుకుంది.

ఎందుకో అప్పట్లో అందరికీ తెలుసు. ఇటలీ నుంచి, పోలండ్ ప్రాంతాల నుంచి, రష్యా సామ్రాజ్యంలోని యూదుల నుంచి పెద్ద ఎత్తున వలస సాగింది 1890 తర్వాతే. అంతకుముందు వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండ్, ఐర్లండ్, జర్మనీ, స్కాండినేవియా దేశాల వాళ్లు. 1921 నాటి తాత్కాలిక చట్టం 1910 లెక్కలో 3 శాతాన్ని కోటాగా పెట్టినప్పుడు ఇటలీకి ఏడాదికి 42,057 మంది వంతు వచ్చింది. శాతం ఒక్కటే 3 నుంచి 2కి తగ్గించి ఉంటే అది 28 వేల దగ్గర ఆగేది. ఏడాదిని కూడా మార్చేసరికి 3,845కి పడిపోయింది.

పార్లమెంటు సీట్లు పంచుకోవడానికి తలలు లెక్కపెట్టే పని, మనుషులను గుమ్మం బయటే ఆపే పనిగా మారడానికి ఒక శతాబ్దం పట్టింది. ఆ మార్పు ఎలా జరిగిందో 19వ శతాబ్దపు జనగణన ఫారాల్లో, ముఖ్యంగా వాటిలో చేరిన ‘పుట్టిన చోటు’ అనే గడిలో కనిపిస్తుంది.

పదేళ్లకోసారి జనాన్ని లెక్కపెట్టాలని అమెరికా రాజ్యాంగమే రాసిపెట్టింది. మొదటి లెక్క 1790లో జరిగింది. జిల్లా కోర్టుల మార్షల్స్ అనే అధికారులు, వాళ్ల సహాయకులు ఊరూరా తిరిగి 39 లక్షల 29 వేల మందిని లెక్కతేల్చారు. అందులో సుమారు 7 లక్షల మంది బానిసలు. సీట్లు పంచేటప్పుడు ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కవేసేవారు. పన్ను కట్టని ఆదివాసులు అసలు లెక్కలోకే రారు. కాగితం మీద ఇంటి పెద్ద పేరు ఒక్కటే ఉండేది, మిగతా అందరూ అంకెలే. ఎవరు ఎక్కడ పుట్టారన్న ప్రశ్నే లేదు.

1820లో మొదటిసారి, ఇంట్లో పౌరసత్వం రాని విదేశీయులు ఎందరని అడిగారు. 1819లో చేసిన చట్టం ప్రకారం అదే ఏడాది నుంచి ఓడల కెప్టెన్లు ప్రయాణికుల జాబితాలను రేవులో అప్పగించడం మొదలైంది. వలసల చరిత్ర రాసేవాళ్లకు ఈ రెండూ రెండు కళ్లు. ఓడ జాబితా ఎవరు దిగారో చెబుతుంది, దిగినవాళ్లు ఎటు పోయారో చెప్పదు. కెనడా వైపు నుంచి నడిచో బండి మీదో సరిహద్దు దాటినవాళ్లు అందులో కనపడనే కనపడరు. ఎవరు ఎక్కడ కుదురుకున్నారో తెలియాలంటే జనగణనే దిక్కు. అయితే 1840 దాకా అది ఇంటికి ఒక వరుస చొప్పున అంకెలు రాసుకునే పనిగానే మిగిలింది.

ఆ పద్ధతి ఎంత ప్రమాదకరమో 1840 లెక్కలే బయటపెట్టాయి. ఉత్తరాది రాష్ట్రాల్లో స్వేచ్ఛగా ఉన్న నల్లజాతివాళ్లలో మతి చలించినవాళ్లు విపరీతంగా ఉన్నారని ఆ లెక్కలు చెప్పాయి. ఎడ్వర్డ్ జార్విస్ అనే డాక్టర్ ఊరి ఊరి పట్టికలు తిరగేసి చూస్తే, మెయిన్ రాష్ట్రంలో కొన్ని ఊళ్లలో నల్లవాళ్లు ఒక్కరు కూడా లేకపోయినా నల్లవాళ్లలో మతి చలించినవాళ్ల గడిలో మాత్రం అంకెలు ఉన్నాయి. కిక్కిరిసిన ఆ ఫారంలో పక్క గడిలో వేయాల్సిన అంకె ఇక్కడ పడింది. తప్పును సరిదిద్దమని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 1844లో కాంగ్రెస్‌కు అర్జీ పెట్టుకుంది. దిద్దలేదు. అదే ఏడాది విదేశాంగ మంత్రిగా ఉన్న జాన్ కాల్హౌన్, బానిసత్వమే నల్లవాళ్లకు మేలని వాదించడానికి ఈ తప్పుడు అంకెలనే సాక్ష్యంగా చూపించాడు. ఇంటి మొత్తానికి ఒకే వరుస ఉంటే ఎవరి గురించి ఏం రాశారో సరిచూసుకునే దారే లేదు.

1850లో ఫారం మారింది. బోస్టన్ నగరానికి 1845లో ఇలాంటి లెక్కే చేసిన లెమ్యూయెల్ షాటక్ సలహాతో మనిషికొక వరుస పెట్టారు. పేరు, వయసు, ఆడా మగా, రంగు, వృత్తి, భూమి ఉంటే దాని విలువ, పుట్టిన చోటు. అమెరికాలో పుడితే రాష్ట్రం, బయట పుడితే దేశం. ఇంటికి, కుటుంబానికి వేరువేరు నంబర్లు, అవీ ఎన్యూమరేటర్ (ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకునేవాడు) తిరిగిన క్రమంలో. జూన్ 1 నాటికి ఇంట్లో ఎవరున్నారన్నదే లెక్క, కాకపోతే పని పూర్తి కావడానికి నెలలు పట్టేది. రాసిన తలకు 2 సెంట్ల కూలి. ఒక ప్రతి కౌంటీలో ఉంచి, ఒకటి రాష్ట్రానికి, ఒకటి వాషింగ్టన్‌కు పంపాలి. చేత్తో ఎత్తిరాసిన ప్రతుల్లో వరుసలు తారుమారైన చోట్లు ఇప్పటికీ పరిశోధకులకు ఎదురవుతుంటాయి.

ఆ ఒక్క గడి వల్ల ఏం తెలుస్తుందో చూడాలంటే 1850లో విస్కాన్సిన్‌లో ఒక జర్మన్ రైతు కుటుంబాన్ని ఊహించుకుంటే చాలు. తండ్రికి 38 ఏళ్లు, పుట్టింది బవేరియా. తల్లికి 35, బవేరియా. పెద్దవాడికి 12, బవేరియా. అమ్మాయికి 8, న్యూయార్క్. తర్వాతి పిల్లాడికి 5, ఒహాయో. చంటిదానికి ఏడాది, విస్కాన్సిన్. ఎప్పుడు వచ్చారని ఎన్యూమరేటర్ అడగలేదు. ఫారంలో ఆ ప్రశ్న లేదు. అయినా ఆ కుటుంబం 1838కీ 1842కీ మధ్య సముద్రం దాటిందని, న్యూయార్క్‌లో కొంతకాలం ఆగిందని, 1845 నాటికి ఒహాయో చేరిందని, విస్కాన్సిన్ రాష్ట్రంగా ఏర్పడిన 1848 ప్రాంతంలో అక్కడికి వచ్చి పడిందని పిల్లల వయసులే చెబుతున్నాయి. ఉత్తరాలు రాసుకోని, డైరీలు లేని, ఏ చరిత్ర పుస్తకంలోనూ పేరు పడని లక్షల కుటుంబాల ప్రయాణం ఇలా ఆరేడు వరుసల్లో దొరుకుతుంది. ఇంత చిన్న కాగితం మీద ఇంత జీవితం పట్టిన ప్రభుత్వ ఫారం మరొకటి అరుదు.

1850లో దేశ జనాభా 2 కోట్ల 32 లక్షలు. అందులో 22.4 లక్షల మంది విదేశాల్లో పుట్టినవాళ్లు. బంగాళాదుంప పంట కుళ్లిపోయి కరువు పడిన ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లే 9.6 లక్షలు. జర్మన్ రాజ్యాల నుంచి 5.8 లక్షలు. పదేళ్లు తిరిగేసరికి ఐరిష్‌వాళ్లు 16 లక్షలు, జర్మన్లు 12.7 లక్షలు దాటారు. 1860 న్యూయార్క్ నగరంలో నలుగురిలో ఒకరు ఐర్లండ్‌లో పుట్టినవాళ్లు. చేతిలో డబ్బు లేక ఐరిష్‌వాళ్లు దిగిన రేవుల్లోనే కూలికి నిలిచిపోయారు. కొంత సొమ్ముతో వచ్చిన జర్మన్లు లోపలికి, సిన్సినాటి, సెయింట్ లూయిస్, మిల్వాకీ దాకా వెళ్లారు. 1862 హోమ్‌స్టెడ్ చట్టంతో ఈ కదలిక ఇంకా పెరిగింది. ఐదేళ్లు ఉండి సాగు చేస్తే 160 ఎకరాలు. అప్పటికే పౌరులై ఉండనక్కర్లేదు, పౌరులం అవుతామని కాగితం పెట్టుకుంటే చాలు. 1890కి నార్త్ డకోటా జనాభాలో 40 శాతానికి పైగా విదేశాల్లో పుట్టినవాళ్లే.

పక్కపక్క వరుసలంటే దాదాపుగా పక్కపక్క ఇళ్లు. కాబట్టి వరుసగా పదిహేను ఇళ్లలో పుట్టిన చోటు నార్వే అని ఉంటే, ఒక ఊరి జనం కట్టకట్టుకుని వచ్చి ఒకే చోట పొలాలు పట్టారేమోనని అనుమానించవచ్చు. ఆ తర్వాత చర్చి పుస్తకాలు చూసి రూఢి చేసుకోవాలి. మరోపక్క ఇవే కాగితాలు, వచ్చినవాళ్లు వచ్చినచోటే పాతుకుపోయారనే అభిప్రాయాన్ని చెదరగొట్టాయి. మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్ పట్టణంలో 1850లో ఉన్న కూలి కుటుంబాల పేర్లను 1860 జాబితాలో వెతికితే సుమారు 40 శాతమే దొరికాయి. మిగతావాళ్లు ఇంకో ఊరు చూసుకున్నారు. వలస అంటే ఒకసారి ఓడ దిగడంతో అయిపోయేది కాదు.

ఈ కాగితాలను గుడ్డిగా నమ్మడానికీ లేదు. ఎన్యూమరేటర్ చెవికి ఎలా వినపడితే అలా పేరు రాసేవాడు. ఇంటివాళ్లు లేకపోతే పక్కింటివాళ్లను అడిగి రాసిన సందర్భాలున్నాయి. వయసులు ఉజ్జాయింపుగా చెప్పడం వల్ల 30, 40, 50 దగ్గర గుంపులుగా పడతాయి. 1870లో ఎందరినో వదిలేశారని గొడవ రావడంతో న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరాల్లో మళ్లీ లెక్కపెట్టించారు. ఇక దేశాల సంగతి. 1871 దాకా జర్మనీ అనే దేశమే లేదు. అందుకే 1870 సూచనల్లో జర్మనీ అని రాయకండి, ప్రష్యా, బాడెన్, బవేరియా అని విడిగా రాయండి అన్నారు. పోలండ్‌ను రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ఎప్పుడో పంచేసుకున్నాయి. పోలిష్ మాట్లాడే రైతు తన ఊరు ఏ రాజు కింద ఉంటే ఆ దేశస్థుడిగా పట్టికకు ఎక్కాల్సి వచ్చేది. కాలిఫోర్నియా గనుల దగ్గర చైనావాళ్లకు ఇంకా అన్యాయం జరిగింది. పేరు అడిగే ఓపిక లేక చైనా మనిషి అని రాసి వదిలేసిన వరుసలు ఎన్నో ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద లోటు బానిసల విషయంలో జరిగింది. 1850, 1860లలో వాళ్లకు వేరే ఫారం. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రమే రాశారు. పేరు లేదు, పుట్టిన చోటు లేదు. పేర్లు రాయాలన్న ప్రతిపాదన కాంగ్రెస్ దాకా వెళ్లి అక్కడ వీగిపోయింది. 1850లో అలా పేరు లేకుండా నమోదైనవాళ్లు 32 లక్షల మంది. ఆ దశాబ్దాల్లోనే వర్జీనియా, మేరీలాండ్ నుంచి మిసిసిపీ, అలబామా పత్తి తోటలకు లక్షలాది మందిని అమ్మి తరలించారు. యూరప్ నుంచి వచ్చిన ప్రతి కూలివాడి పుట్టిన చోటూ రాసుకున్న ప్రభుత్వం, తన గడ్డ మీద జరుగుతున్న ఈ బలవంతపు వలసను నమోదు చేయకుండా ఫారాన్నే అలా తయారుచేసింది. విముక్తి తర్వాత 1870లో మొదటిసారి వాళ్లకూ వరుసలు వచ్చాయి. ఆ ఏడాది మిసిసిపీ పేజీలు తిప్పితే, యాభై ఏళ్లు దాటినవాళ్ల ఎదురుగా పుట్టిన చోటు గడిలో వర్జీనియా అని మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తల్లి నుంచి విడదీసి అమ్మిన పిల్లలు ముసలివాళ్లయ్యాక ఇచ్చిన వాంగ్మూలం అది. ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలు వంశవృక్షం వెతుక్కుంటూ వెనక్కి వెళితే చాలామంది ఆగిపోయేది 1870 దగ్గరే.

1870 జనగణనకు అధిపతి ఫ్రాన్సిస్ అమాసా వాకర్. చాలా సమర్థుడు. జనగణనను మార్షల్స్ చేతుల్లోంచి తప్పించి, పనికి తగినవాళ్లను చూసి ఎన్యూమరేటర్లుగా పెట్టుకునే పద్ధతి ఆయన పట్టుదల వల్లే 1880కి వచ్చింది. అప్పుడే ఆడవాళ్లను కూడా ఎన్యూమరేటర్లుగా తీసుకోవడం మొదలైంది. ప్రశ్నలూ పెరిగాయి. 1870లో తండ్రి విదేశంలో పుట్టాడా, తల్లి విదేశంలో పుట్టిందా అని అడిగారు. 1880లో వాళ్లు ఏ దేశంలో పుట్టారో కూడా రాయించుకున్నారు. దీంతో అమెరికాలోనే పుట్టి, అక్కడే చదువుకుని, అక్కడే ఓటు వేస్తున్నవాళ్లు కూడా లెక్కల్లో విదేశీ సంతానం అనే వేరే వర్గమయ్యారు. పట్టికలో ఒక వర్గం ఏర్పడితే దాని మీద వాదనలు పుట్టుకురావడానికి ఎంతోకాలం పట్టదు. 1870లో రంగు గడిలో చైనావాళ్లకు ప్రత్యేక గుర్తు చేరింది. 1880లో వాళ్లు 1,05,465 మంది అని తేలింది. 5 కోట్ల జనాభాలో అది ఎంత! అయినా రెండేళ్లకే చైనా కూలీలు రాకుండా చట్టం వచ్చేసింది.

ప్రశ్నలు పెరిగేకొద్దీ లెక్క తేల్చడం తలకు మించిన పనైంది. 1880 పట్టికలు పూర్తవడానికి దాదాపు పదేళ్లూ సరిపోయాయి. ఆ ఆఫీసులో పనిచేసిన హెర్మన్ హోలరిత్ దీనికి యంత్రం కనిపెట్టాడు. మనిషికో అట్టముక్క, జవాబుకో చిల్లు. చిల్లులోంచి సూది దిగి కింద పాదరసాన్ని తాకితే కరెంటు పారి గడియారం లాంటి డయల్ మీద ఒక అంకె ముందుకు జరుగుతుంది. 1890లో 6 కోట్ల 29 లక్షల మంది లెక్క కొన్ని వారాల్లోనే తేలిపోయింది. హోలరిత్ కంపెనీ తర్వాత మరికొన్నిటితో కలిసి ఐబీఎం అయింది. ఆ జనగణనలో విదేశాల్లో పుట్టినవాళ్లు 92.5 లక్షలు. వచ్చి ఎన్నేళ్లయింది, పౌరసత్వం వచ్చిందా, ఇంగ్లిష్ మాట్లాడగలరా అనే ప్రశ్నలూ చేరాయి.

1890 నివేదికలో ఇంకో మాట బాగా ప్రసిద్ధి చెందింది. చదరపు మైలుకు ఇద్దరి కంటే తక్కువ జనం ఉన్న నేలను జనగణనవాళ్లు జనం స్థిరపడని నేలగా లెక్కవేసి, దాని అంచును పటం మీద గీతగా గీసేవారు. ఆ గీతే సరిహద్దు (ఫ్రాంటియర్). ఇక అలాంటి గీత గీయడానికి వీల్లేనంతగా జనం అక్కడక్కడా వ్యాపించారని ఆ నివేదిక ప్రకటించింది. దాని ఆధారంగానే ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ 1893లో అమెరికా స్వభావాన్ని సరిహద్దుతో ముడిపెట్టే సిద్ధాంతం చేశాడు. చదరపు మైలుకు లెక్కవేసిన ఆ ఇద్దరు ఎవరన్నది మాత్రం చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. పన్ను కట్టని ఆదివాసులు ఆ సాంద్రతలో లేరు కనుక, వేల ఏళ్లుగా మనుషులు తిరిగిన నేల కూడా పటం మీద ఖాళీయే. ఆదివాసులందరినీ లెక్కించే ప్రయత్నం జరిగింది 1890లోనే. ఆ ఏడాది డిసెంబర్‌లోనే సౌత్ డకోటాలోని వూండెడ్ నీ దగ్గర లకోటా తెగ ఆదివాసులను సైన్యం ఊచకోత కోసింది.

వాకర్ 1890లలో వలసల కట్టడికి పెద్ద గొంతుకగా మారాడు. వలసదారులు రావడం వల్ల జనాభా పెరగలేదని, వాళ్లతో పోటీ చూసి స్థానికులు పిల్లల్ని కనడం తగ్గించుకున్నారని, కొత్తవాళ్లు పాతవాళ్ల స్థానాన్ని ఆక్రమించారని ఆయన వాదన. దక్షిణ, తూర్పు యూరప్ నుంచి వస్తున్నవాళ్లను ‘ఓడిపోయిన జాతుల్లో ఓడిపోయిన మనుషులు’ అన్నాడు. పట్నాలు పెరిగిన ప్రతి దేశంలోనూ జననాల రేటు తగ్గుతోందన్నది ఆయనకు తెలియనిదేమీ కాదు. అయినా దేశంలోకెల్లా పేరున్న గణాంక నిపుణుడి నోటి నుంచి వచ్చింది కాబట్టి ఆ మాటకు శాస్త్రం విలువ వచ్చింది. 1924 చట్టం చేసినవాళ్లు నడిచింది ఆయన వేసిన దారిలోనే.

అది కూడా చాలలేదు. 1929 నుంచి మొత్తం కోటా సుమారు లక్షా 50 వేలకు తగ్గించి, దాన్ని తెల్ల అమెరికన్ల మూలాల ప్రకారం పంచారు. బానిసల సంతతి, ఆదివాసులు, ఆసియావాళ్లు ఈ మూలాల లెక్కలోకి రారని చట్టమే చెప్పింది. ఆ లెక్క 1790 జనాభా దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. మరి 1790లో పుట్టిన చోటు అడగనే లేదు కదా, మూలాలు ఎలా తెలుస్తాయి? ఇంటి పెద్దల పేర్లున్నాయి. ఆ ఇంటిపేర్లు చూసి ఎవరు ఇంగ్లిష్, ఎవరు జర్మన్, ఎవరు ఐరిష్ అని అంచనా వేశారు. ముల్లర్ అనే జర్మన్ కుటుంబం మిల్లర్ అయి ఉంటే, ష్మిట్‌లు స్మిత్‌లై ఉంటే, వాళ్లు ఇంగ్లిష్ ఖాతాలోకే. తొలి అంచనా మీద విమర్శలు వచ్చాక కొంత సవరించారు. అయినా చివరకు బ్రిటన్ కోటా 34,007 నుంచి 65,721కి పెరిగింది. జర్మనీది 51,227 నుంచి 25,957కి తగ్గింది. రాసుకోని సమాచారాన్ని ఇంటిపేర్లలోంచి పిండి, దాన్ని చట్టం చేశారు.

1890 అసలు కాగితాలు అప్పటికే పోయాయి. 1921 జనవరి 10న వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనం నేలమాళిగలో నిప్పంటుకుంది. ఇనప గదిలో కాకుండా బయట చెక్క అరల్లో పేర్చిన 1890 ఫారాలు కొన్ని కాలి, చాలావరకు తడిసి పాడయ్యాయి. మిగిలినవాటిని పారేయడానికి 1933 ఫిబ్రవరిలో కాంగ్రెస్ అనుమతించింది. నేషనల్ ఆర్కైవ్స్ భవనానికి శంకుస్థాపన జరిగింది దానికి ముందురోజే. ఇవాళ మిగిలినవి 6 వేల పైచిలుకు పేర్లు మాత్రమే. 1880లో బవేరియా నుంచో నార్వే నుంచో వచ్చిన ముత్తాత కోసం వెతికేవాళ్లకు 1880కీ 1900కీ నడుమ ఇరవై ఏళ్ల ఖాళీ ఎదురవుతుంది. మనుషుల పేర్లు పోయాయి, దేశాలవారీ మొత్తాలు మాత్రం అచ్చయి ఉండబట్టి కోటాలకు పనికొచ్చాయి.

ఈ ఏర్పాటులో భారతీయులకు చోటే లేదు. 1917 చట్టం ఆసియాలో చాలా భాగం నుంచి వలసను పూర్తిగా నిషేధించింది. 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవాళ్ల కిందికి రారని, పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. 1920, 1930, 1940 జనగణనల్లో జాతి గడిలో భారతీయులకు పెట్టిన పేరు హిందూ. కాలిఫోర్నియాలో పొలాలు చేసుకుంటున్న పంజాబీ సిక్కులు, ముస్లింలు కూడా ఆ గడిలోకే. 1946లో ఏడాదికి 100 మంది కోటా ఇచ్చారు. 1965 అక్టోబర్ 3న కొత్త చట్టం మీద సంతకం పడ్డాకే మూలాల కోటాలు రద్దయ్యాయి. మొదట డాక్టర్లు, ఇంజినీర్లు, తర్వాత సాఫ్ట్‌వేర్‌వాళ్లుగా తెలుగువాళ్లు అమెరికా చేరింది ఆ చట్టం తెరిచిన దారి గుండానే.

కోటాలు పోయాయి కానీ పుట్టిన చోటు గడి పోలేదు. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ ఏడాదికి 7 శాతానికి మించకూడదన్న పరిమితి ఉంది. ఆ వంతు పౌరసత్వాన్ని బట్టి రాదు, పుట్టిన దేశాన్ని బట్టి వస్తుంది. గుంటూరులో పుట్టి కెనడా పౌరసత్వం తీసుకున్న ఇంజినీర్ కూడా ఇండియా క్యూలోనే నిలబడాలి. భార్యో భర్తో వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశం వంతులోకి మారవచ్చు. ఒకే తల్లిదండ్రులకు అన్న విజయవాడలో, తమ్ముడు కువైట్‌లో పుట్టి ఉండి, ఇద్దరూ ఒకే చదువు చదివి ఒకే కంపెనీలో ఒకే రోజు దరఖాస్తు పెట్టుకున్నా, తమ్ముడి వంతు ముందు వస్తుంది. అన్న ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ ఉండాల్సిందే.